1886 న్యూ ఆర్లియన్స్ మోర్గాన్ డాలర్: చెవి మీద జుట్టు అరిగిందా, అచ్చే సరిగ్గా పడలేదా?

నల్లవెండి

అందరికీ నమస్కారం. పోయిన శనివారం డాలస్ దగ్గర ఒక కాయిన్ షోలో 1886 నాటి మోర్గాన్ వెండి డాలర్ కొన్నాను. వెనకవైపు దండ ముడి కింద చిన్న ‘ఓ’ అక్షరం ఉంది, అంటే న్యూ ఆర్లియన్స్ టంకశాలది. స్లాబ్‌లో (గ్రేడ్ చీటీ పెట్టి సీలు చేసిన ప్లాస్టిక్ డబ్బాలో) లేదు, విడి నాణెం. 550 డాలర్లు పెట్టాను. ఇంట్లో 200 అని చెప్పాను, అది వేరే కథ.

తూకం 26.71 గ్రాములు. ఉండాల్సింది 26.73 కాబట్టి ఆ విషయంలో టెన్షన్ లేదు. రెండు వైపులా ఖాళీ జాగాలో మెరుపు బాగుంది. బల్బు కింద వంచి తిప్పితే బండి చక్రం ఆకులు తిరిగినట్టు వెలుగు తిరుగుతోంది. గొడవంతా మూడు చోట్ల. ముందువైపు ఉన్న ఆడమనిషి తల, అదే లిబర్టీ, చెవి మీద జుట్టు పాయలుగా విడివిడిగా కనపడాలి కదా, నూనె రాసి నున్నగా దువ్వినట్టుంది. వెనక గద్ద రొమ్ము మీద పక్క ఈకలు తెలుస్తున్నాయి, నడిమధ్యలో చదును. ఇక బుగ్గ మీద రెండు సంచి దెబ్బలు (సంచిలో నాణేలు ఒకదానికొకటి తగిలి పడే గాట్లు), వాటి పక్కన కందిగింజంత మసక. ఆ మసక ఒక్క కోణంలోనే కనపడుతుంది, కొంచెం వంచితే మాయం.

అమ్మినాయన “న్యూ ఆర్లియన్స్ సరుకంతా ఇంతే, అచ్చు సరిగా పడదు, ఇది వాడని నాణెమే” అన్నాడు. ఆయన మాట నిజమైతే ఎంఎస్62 దాకా రావాలి (ఎంఎస్ అంటే వాడని నాణేల గ్రేడ్, 60 నుంచి 70 దాకా). అరుగుదల అయితే ఏయూ58, అంటే చాలా కొద్దిగా వాడినది. ఈ సంవత్సరం, ఈ టంకశాల కాకపోతే నేనింత తల పట్టుకునేవాణ్ణి కాదు. 1886లో న్యూ ఆర్లియన్స్‌లో 1 కోటి 7 లక్షల 10 వేలు కొట్టారు, కానీ చాలావరకు జనం చేతుల్లోకి పోయాయి. వాడనివి దొరకడం కష్టం. 58కీ 62కీ మధ్య ఆ కాస్త తేడాకి ధర మూడు రెట్లు దాటిపోతోంది. ఎనిమిది ఫోటోలు పెట్టాను, చూసి చెప్పండి.


అచ్చుపోత

ఫోటోలు చూశాను. నా ఓటు ఎంఎస్‌కే. ఎందుకో చెప్తాను.

తెనాలిలో మా తాత వెండి లాకెట్లకి అచ్చు కొట్టేవాడు. చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసేవాణ్ణి. రేకు మీద దెబ్బ పడితే లోహం పిండిలా కదిలి అచ్చులోని గుంటల్లోకి ఎక్కుతుంది. లోతు తక్కువ గుంటలు ముందు నిండుతాయి, అన్నిటికన్నా లోతైన గుంట ఆఖరికి నిండుతుంది. దెబ్బ చాలకపోతే అదొక్కటే నిండకుండా మిగిలిపోతుంది. దేవుడి బొమ్మలో ముక్కు కొస మొండిగా రావడం అందుకే. తాత దాన్ని పక్కన పడేసి మళ్ళీ కరిగించేవాడు. టంకశాలకి అంత ఓపిక ఎక్కడిది?

మోర్గాన్ డాలర్‌లో ఆ లోతైన గుంటలు చెవి మీద జుట్టు, గద్ద రొమ్ము. రెండూ నాణెం నడిమధ్యన, సరిగ్గా ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ఒకే లోహం రెండు వైపులకీ ఎక్కాలి. న్యూ ఆర్లియన్స్‌లో అచ్చులు త్వరగా పగలకుండా వాటి మధ్య ఎడం కాస్త ఎక్కువ పెట్టేవారని పాతవాళ్ళు చెప్పే మాట. ఎడం పెరిగితే దెబ్బ తగ్గుతుంది, మధ్యలో నిండదు. 1881లో శాన్ ఫ్రాన్సిస్కో కొట్టిన డాలర్ పక్కన పెట్టి చూడండి, అక్కడ వెంట్రుక వెంట్రుక లెక్కపెట్టొచ్చు.

నల్లవెండి గారి నాణెంలో రెండూ కలిసే చదునుగా ఉన్నాయి. అరుగుదల అయితే అంత పద్ధతిగా ముందూ వెనకా ఒకే చోట అరుగుతుందా? ఇది పుట్టుకతో వచ్చిన లోపం, వయసుతో వచ్చింది కాదు.


భూతద్దం

అచ్చుపోత తమ్ముడు చెప్పిన మొదటి సగం నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ జుట్టు దగ్గరే ఆగిపోయాడు, బుగ్గ దాకా రాలేదు.

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇరవై ఏళ్ళుగా ఈ ఒక్క వరస నాణేలే పోగేస్తున్నాను, నేర్చుకోవడానికి కట్టిన ఫీజు తక్కువేం కాదు. మొదట్లో నేనూ జుట్టు చూసే గ్రేడ్ చెప్పేదాన్ని. ఇప్పుడు జుట్టు ఆఖర్న చూస్తాను. ముందు బుగ్గ. అది పెద్ద జాగా, నున్నగా ఉంటుంది, ఎత్తుగా ఉంటుంది, దాచుకోవడానికి ఒక్క గీత కూడా ఉండదు. బల్ల మీద బోర్లా పెట్టి జరిపితే ముందు రాసుకునేవాటిలో బుగ్గ ఒకటి. ఖజానాలో కదలకుండా పడున్న డాలర్ బుగ్గ మీద దెబ్బలుంటాయి, గాట్లుంటాయి, కానీ ఆ దెబ్బల మధ్య చర్మం మాత్రం మెరుస్తూ ఉంటుంది. జేబుల్లో నాలుగు నెలలు తిరిగిన డాలర్‌కి దెబ్బలు తక్కువ, చర్మం మసక.

మీ ఐదో ఫోటోలో బుగ్గ మీద మెరుపు తెగిపోయింది. మిగతా అంతా తిరుగుతున్న వెలుగు అక్కడికొచ్చి గుంతలో పడ్డట్టు ఆగిపోతోంది. రంగు కూడా పక్కదానికంటే బూడిదగా ఉంది. అచ్చు బలహీనంగా పడటం వల్ల బుగ్గ ఇలా అవదు. నా మాట ఏయూ58. మంచి ఏయూ58, అందమైన ఏయూ58, కానీ అదే.


అచ్చుపోత

అక్కా, బుగ్గ దగ్గర మెరుపు తెగింది కాబట్టి వాడకం అంటున్నారు. ఒక చిన్న చిక్కుంది. మెరుపు ఎక్కడినుంచి వస్తుంది? దెబ్బ పడ్డప్పుడు లోహం అచ్చు మీద జారుతూ సన్నటి గీతలు వేసుకుంటుంది, కంటికి ఆనవు. వాటి మీద వెలుగు పడి తిరుగుతుంది. మరి లోహం కదలని చోట ఆ గీతలు పడవు కదా? చదునుగా మిగిలిన జుట్టు మీద మెరుపు లేకపోవడం కూడా అచ్చు లోపమే అవ్వొచ్చు. “మెరుపుంటే అచ్చు లోపం, లేకపోతే అరుగుదల” అని అందరూ చెప్పే సూత్రం అక్కడ పనిచేయదు.

అక్కడ చూడాల్సింది గరుకు. కొట్టకముందు బిళ్ళ మీద చిన్న చిన్న గుంటలు, గీరలు ఉంటాయి. దెబ్బ గట్టిగా పడితే అవన్నీ చదునైపోతాయి. పడకపోతే అలాగే మిగులుతాయి. నల్లవెండి గారూ, పది రెట్ల లూప్ (కంటికి దగ్గర పెట్టుకునే చిన్న భూతద్దం) పెట్టి చెవి మీద జుట్టు చూడండి. ఇసక చల్లినట్టు గుంటలుంటే అచ్చు పడలేదు. గచ్చు రుద్దినట్టు నున్నగా ఉంటే అక్క గెలిచింది.


నల్లవెండి

చూశాను. గుంటలు ఉన్నాయి. జుట్టు మీద చిన్న చిన్న చుక్కల్లా కనపడుతున్నాయి. రొమ్ము మీద కూడా.


భూతద్దం

సరే, జుట్టు విషయం ఒప్పుకుంటున్నాను. అచ్చు సరిగా పడలేదు. బుగ్గ మాటేంటి?

ఇదే ఎప్పుడూ జరిగేది. ఒక నాణేనికి రెండు రోగాలు ఉండకూడదని రూలేమీ లేదు. అచ్చూ పడలేదు, కొద్దిగా వాడారు కూడా. న్యూ ఆర్లియన్స్ నాణేలు అమ్మేవాళ్ళు మొదటిది చూపించి రెండోదాన్ని దాని వెనక దాచేస్తారు.


హాలీసిక్కా

హైదరాబాద్ నుంచి. నేను నిజాం రూపాయల మనిషిని, చార్మినార్ బొమ్మ ఉన్నవి. మీ డాలర్ల గురించి తక్కువ తెలుసు. కానీ ఈ అంకెల పిచ్చి చూస్తే నవ్వొస్తుంది.

ఈ 70 అంకెల కొలబద్ద అసలు వెండి డాలర్ల కోసం పుట్టలేదు. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన 1793 నుంచి 1814 దాకా కొట్టిన రాగి పెద్ద సెంట్ల కోసం తయారు చేశాడు. గుర్తుపట్టగలిగినంత మాత్రం మిగిలిన నాణెం ధర ఒకటి అనుకుంటే, మచ్చలేనిది దానికి 70 రెట్లు పలుకుతుందని ఆయన లెక్క. అంటే అది గ్రేడు కాదు, ధరల పట్టిక. ఆ ధరలు కొన్నాళ్ళకే మారిపోయాయి, అంకెలు మాత్రం మిగిలాయి. 1977లో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ వాళ్ళు అన్ని నాణేలకీ అదే తగిలించారు. అప్పుడు కూడా వాడని నాణేలకి 60, 65, 70 మూడే మెట్లు. ఇప్పుడు 60 నుంచి 70 దాకా పదకొండు మెట్లు, మధ్యలో ప్లస్సులు. వెండి అదే, కళ్ళు అవే, మెట్లు మాత్రం పెరిగాయి. 61కీ 62కీ తేడా ఫోటో చూసి చెప్పగల మొనగాడు ఎవడన్నా ఉంటే వచ్చి నా చార్మినార్ రూపాయలకి కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

మా దగ్గర ఎగ్జిబిషన్లలో ఇంకా ఘోరం అనుకోండి. అమ్మేవాడి బల్ల మీద ప్రతిదీ యూఎన్‌సీనే, అంటే వాడనిదే. అదే నాణెం మనం అమ్మడానికి తీసుకెళ్తే వీఎఫ్, అంటే ఓ మోస్తరు అరిగినది, అయిపోతుంది. బల్లకి ఇటు నుంచి అటు వెళ్ళేలోపు రెండు గ్రేడ్లు అరుగుతుంది.


బేరగాడు

హాలీసిక్కా గారూ, మీ మాటలో సగం నిజముంది. అందుకే కదా పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో వచ్చాయి, రెండూ గ్రేడింగ్ కంపెనీలు. అమ్మేవాడూ కాదు, కొనేవాడూ కాదు, మూడోవాడు చూసి డబ్బాలో పెట్టి సీలు వేస్తాడు. ఆ మూడోవాడి కళ్ళూ కళ్ళే, రోజుకో మూడ్‌లో ఉంటాడు, ఒప్పుకుంటాను. అయినా లేకపోవడం కంటే నయం.

నేను షోలలో బల్ల పెడతాను. కాబట్టి బజారు మాట చెప్తాను. అచ్చుపోత గారు, భూతద్దం గారు నాణేన్ని చూసి గ్రేడ్ చెప్తున్నారు. గ్రేడర్లు చాలాసార్లు ధరని చూసి గ్రేడ్ చెప్తారు. ఏయూ58 నాణేలు చాలా వాటికి దెబ్బలు తక్కువ, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఎంఎస్60 అంటే వాడలేదన్న మాటే గాని మొహం నిండా గాట్లతో పేడ కుప్పలో దొర్లినట్టుంటుంది. పక్కపక్కన పెడితే ఎవరైనా 58 నే ఎత్తుకుంటారు. అందుకే అలాంటి నాణెం ఒక్కోసారి జారి ఎంఎస్62 డబ్బాలోకి వెళ్ళిపోతుంది. మా వాళ్ళు దాన్ని స్లైడర్ అంటారు. ఇది తప్పా ఒప్పా అని నన్నడగొద్దు. ఈ నాణేనికి ఆ అదృష్టం ఉంది. నేనైతే పంపిస్తాను. 62 రాకపోతే డబ్బా పగలగొట్టి నాణేన్ని మళ్ళీ పంపిస్తాను.


భూతద్దం

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. వాడకం ఉందా లేదా అనేది ఉన్నదాన్ని చూసి చెప్పాల్సిన సంగతి. కడుపుతో ఉందా లేదా అన్నట్టు, మధ్యస్థం లేదు. ఎంత అందంగా ఉంది అనేది రెండో ప్రశ్న. మీరు రెండోదానికి జవాబిచ్చి మొదటిదాని గడిలో రాస్తున్నారు. మామూలు 1886 ఫిలడెల్ఫియా డాలర్‌కి ఎవరూ ఈ సర్కస్ చేయరు. అది దాదాపు రెండు కోట్లు కొట్టారు, వాడనివి కుప్పలుగా దొరుకుతాయి. డబ్బు ఎక్కువున్న చోటే బుగ్గ మీద మసక కంటికి కనపడకుండా పోతుంది!

అన్నట్టు నల్లవెండి గారూ, ఆ ‘ఓ’ చుట్టూ లూప్‌తో చూశారా? ఫిలడెల్ఫియా నాణేనికి అక్షరం అతికించే మహానుభావులు ఉన్నారు. అంచు చుట్టూ సన్నటి గీత గానీ జిగురు రంగు గానీ కనిపిస్తే మిగతా చర్చంతా దండగ.


నల్లవెండి

చూశానండీ. అతుకు లేదు, అక్షరం నాణెంలోంచే లేచినట్టుంది. అయినా మీరడిగాక చెమటలు పట్టాయి.


హాలీసిక్కా

ఒక పిడకల వేట, క్షమించాలి. మీరు కోటి ఏడు లక్షలు కొట్టారు అంటున్నారు. ఎన్ని మిగిలాయో ఎవరికీ లెక్క తెలియదు, ఎందుకంటే 1918లో పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించేశారు. ఏ సంవత్సరానివి ఎన్ని అని రాసిపెట్టలేదు. ఆ కరిగిన దాంట్లో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి బ్రిటన్ కొన్నది. ఎందుకంటారా? మన కోసమే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇండియాలో జనం కాయితం నోట్లు తెచ్చి వెండి రూపాయలిమ్మని బ్యాంకుల మీద పడ్డారు, ఖజానాలో వెండి అడుగంటింది. అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన కడ్డీలు ఇక్కడి టంకశాలల్లో ఐదో జార్జి రూపాయలయ్యాయి. లెక్క వేస్తే ఒక డాలర్‌లో 24.06 గ్రాముల వెండి, రూపాయిలో 10.69. ఒక డాలర్ కరిగితే రెండుంపావు రూపాయలు.

మా నాయనమ్మ ఇచ్చిన 1919 రూపాయి ఒకటి నా దగ్గరుంది. అందులో మీ న్యూ ఆర్లియన్స్ జుట్టు ఎంతుందో ఎవరు చూశారు!


అచ్చుపోత

హాలీసిక్కా గారూ, ఇది పిడకల వేట అయినా బాగుంది. కరిగాక గ్రేడ్ గొడవ ఉండదు.


సాగరతీరం

నేను కొత్త. వైజాగ్. స్లాబ్ అంటే ఏంటో ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది, ప్లాస్టిక్ డబ్బాలో గ్రేడ్ చీటీ పెట్టి సీలు చేసినదే కదా. మా అమ్మమ్మ పెట్టెలో విక్టోరియా రూపాయలు ఆరు దొరికాయి, నల్లగా ఉన్నాయి. ఫోటోలు పెట్టే ముందు చింతపండుతో తోమనా? లేక వెండి సామాన్లకి వాడినట్టు విభూతి పెట్టి రుద్దితే చాలా? గ్రేడ్ పెరుగుతుందేమోనని.


భూతద్దం

వద్దు! చెయ్యి తీయండి!


హాలీసిక్కా

అయ్యయ్యో, ఆగండి ఆగండి.


బేరగాడు

సాగరతీరం గారూ, ఆ నలుపు వెండి మీద గాలిలోని గంధకం చేసిన పొర. దానివల్ల నష్టం తక్కువ. విభూతి మెత్తగా ఉందనిపిస్తుంది గానీ నాణెం మీద సన్నటి గీతల జాతర చేస్తుంది. పళ్ళపొడి అయితే ఇంకా దారుణం. చింతపండు పులుపు పై పొరని తినేస్తుంది, మెరుపు చచ్చిపోతుంది. గ్రేడింగ్ కంపెనీలు అలాంటి వాటికి అంకె ఇవ్వరు, ‘డీటెయిల్స్, క్లీన్డ్’ అని చీటీ రాసి పంపుతారు. ధర సగమో ఇంకా తక్కువో. దేవుడి కుందులు తోముకోండి, రూపాయలు వదిలేయండి. అంచులు పట్టుకుని ఒక్కోదాన్ని విడిగా కాయితం కవరులో పెట్టండి. అన్నీ ఒకే డబ్బాలో వేసి గలగలలాడించొద్దు.


సాగరతీరం

థాంక్యూ అందరికీ. బతికిపోయాను. అమ్మ మాత్రం “మురికి పట్టిన రూపాయలు దాచుకోమని చెప్తున్నారా వాళ్ళు” అంటోంది.


నల్లవెండి

ఇది చదివాక రెండు రోజులు ఇటువైపు రాలేదు. ఒక విషయం దాచాను, చెప్పేస్తున్నాను.

కొన్న రోజు రాత్రి ఇంటికొచ్చి చూస్తే బుగ్గ మీద వేలిముద్ర ఉంది. నాదో ఆయనదో తెలీదు. కళ్ళజోడు తుడుచుకునే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాను. గట్టిగా కాదు. రెండు మూడు సార్లు, అంతే. పొడి గుడ్డ.

ఇన్నిరోజులు మీరంతా ఆ మసక గురించి కొట్టుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. సారీ.


భూతద్దం

తుడిచే ముందు తీసిన ఫోటో ఉందా?


నల్లవెండి

షోలో ఫోన్‌తో తీసిన ఒక్కటి ఉంది. అది ట్యూబ్‌లైట్ల కింద. ఏమీ తెలియట్లేదు, అంతా తెల్లగా మెరుస్తోంది.


అచ్చుపోత

అంటే ఆ మసక గుడ్డ వల్ల వచ్చి ఉండొచ్చు! వాడకం కాదు, నిన్నగాక మొన్న పడ్డది. అప్పుడు ఇది వాడని నాణెమే, కాకపోతే మీ చేతిలో దెబ్బతిన్న వాడని నాణెం. దీన్ని ఏమంటారు బేరగాడు గారూ?


బేరగాడు

దురదృష్టం అంటారు.

సీరియస్‌గా చెప్తాను. గుడ్డ గీతలు, వాడకం ఒకేలా కనపడవు. గదిలో లైట్లన్నీ ఆపేసి ఒకే ఒక్క బల్బు పెట్టండి, పాతకాలపు 75 వాట్ల పసుపు బల్బు దొరికితే మరీ మంచిది. ట్యూబ్‌లైట్, గుండ్రటి ఎల్‌ఈడీ రెండూ అబద్ధాలు చెప్తాయి. నాణేన్ని అంచులు పట్టుకుని బల్బుకి అడుగు దూరంలో నెమ్మదిగా వంచుతూ గుండ్రంగా తిప్పండి. గుడ్డ గీతలైతే ఒకే దిశలో సమాంతరంగా సన్నటి వెండి దారాల్లా మెరుస్తాయి, బుగ్గ మీద ఆగకుండా పక్క ఖాళీ జాగాలోకి కూడా సాగుతాయి. వాడకమైతే దిక్కూ దిశా ఉండదు, ఎత్తు భాగం వరకే ఉంటుంది, పల్లానికి దిగదు.


నల్లవెండి

పిల్లలు పడుకున్నాక గరాజ్‌లో కూర్చుని చేశాను. స్టోర్‌లో అలాంటి బల్బు దొరకలేదు, పాత టేబుల్ లైట్ ఉంటే దానితోనే.

గీతలు ఉన్నాయి. ముక్కు దగ్గర మొదలై బుగ్గ మీదుగా చెవి వైపు, ఏటవాలుగా. ముక్కు ముందున్న ఖాళీ జాగాలో కూడా కొంచెం దూరం దాకా కనపడుతున్నాయి. నేను తుడిచిన దిశ అదే, నాకు చెయ్యి గుర్తుంది. కానీ ఆ కందిగింజంత మసకలో గీతలు తక్కువ, అడుగున బూడిద రంగు అలాగే ఉంది. గద్ద తల మీద కూడా చిన్న బూడిద చుక్క కనపడింది, ఇంతకుముందు చూసుకోలేదు. వెనకవైపు నేను తుడవలేదు. కొత్త ఫోటోలు ఆరు పెట్టాను.


భూతద్దం

గద్ద తల. ఇక నాకు అనుమానం లేదు. వెనకవైపు గుడ్డ తగల్లేదు, కానీ ఎత్తు భాగంలో మసక ఉంది. బుగ్గ మీద మసక గీతలకి అడుగున ఉంది, అంటే గీతలకంటే ముందు నుంచే ఉంది. ఏయూ58 వాడకం ఎప్పటిదో, దాని మీద మీ గుడ్డ నిన్నటిది. తిట్టట్లేదు, నా మొదటి 1879 కార్సన్ సిటీ డాలర్‌ని నేను సబ్బు పెట్టి కడిగాను. ఆ నాణెం ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది, ఎవరూ కొనరు.


అచ్చుపోత

గద్ద తల కూడా ఎత్తే కదా అక్కా, సంచిలో వెయ్యి డాలర్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. సంచి అంటే ఇరవై ఆరు కిలోల పైచిలుకు బరువు. 1878 చట్టం పుణ్యమా అని ప్రభుత్వం ఎవరికీ అక్కర్లేని వెండి నెలకి ఇరవై లక్షల డాలర్లకు తగ్గకుండా కొని నాణేలు కొట్టి ఆ సంచుల్లో పడేసింది. ఒక ఖజానా నుంచి ఇంకో ఖజానాకి మోస్తుంటే, లెక్కపెడుతుంటే నాణేనికి నాణెం రాసుకోదా? జేబులోకే వెళ్ళనక్కర్లేదు. మనిషి చెయ్యి తగలని రాపిడిని వాడకం అనొచ్చా?


భూతద్దం

అదే అసలు ప్రశ్న, దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే లేదు. రాపిడి సంచిలోదా జేబులోదా అని వెండి చెప్పదు. లోహం పోయింది అంటే పోయింది, అంతవరకే నేను చూడగలను. కొందరు గ్రేడర్లు సంచి రాపిడి అనుకుంటే క్షమిస్తారు, ఎంఎస్ ఇస్తారు. నేను క్షమించను. కాకపోతే నీ ప్రశ్న తప్పని అనలేను తమ్ముడూ.


హాలీసిక్కా

ఎవరైనా ఈ పోస్టుని ఫ్రేము కట్టించండి. భూతద్దం గారు జవాబు లేదన్నారు!


బేరగాడు

గీతలు ఆ ఫోటోల్లో ఉన్నంత మాత్రమే అయితే గ్రేడర్ చూసీ చూడనట్టు పోవచ్చు, ఏయూ58 స్లాబ్ రావొచ్చు. లేదా డీటెయిల్స్ అని కొట్టేయొచ్చు. నేనైతే ఇప్పుడు పంపించమని చెప్పను. ఫీజు, పోస్టేజీ, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి లాభం లేదు. 62 మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను.

నల్లవెండి గారూ, మీకు భారం అనిపిస్తే నేను కొంటాను. 380.


అచ్చుపోత

అన్నా, నాలుగు రోజుల క్రితం దీనికి అదృష్టం ఉందన్నావు!


బేరగాడు

అప్పుడు బల్లకి అటువైపు ఉన్నాను తమ్ముడూ. హాలీసిక్కా గారు చెప్పారుగా.


నల్లవెండి

అమ్మనండీ. పంపను కూడా. ఈ రోజు నాణేలు దాచే అట్ట ఫ్లిప్‌లో పెట్టి నాలుగు పక్కలా పిన్నులు కొట్టాను. గ్రేడ్ రాసే చోట ఏం రాయాలో తెలియక కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చివరికి “1886 ఓ. అచ్చు సరిగా పడలేదు. బుగ్గ తుడిచింది నేనే” అని రాశాను. ధర గడిలో 550 అని రాస్తుంటే వెనకనుంచి మా ఆవిడ చూసింది.


సాగరతీరం

ఫోటో పెట్టండి సార్. నాణెందే.